ఏం చదివాడో అడగలేదు

నా వెన్నెముకను ఒకాయన చేతుల్లో పెట్టాను. ఆయన ఏం చదివాడో, ఎక్కడ నేర్చుకున్నాడో, ఎవరి దగ్గర నేర్చుకున్నాడో ఒక్కసారి కూడా అడగలేదు. ఈ సంగతి ఇంట్లో ఒప్పుకున్నాను, నాతో పనిచేసినవాళ్ల దగ్గరా ఒప్పుకున్నాను. నడుంనొప్పితో బాధపడేవాళ్లు ఈ ఊళ్లో ఇంకా చాలామంది ఉన్నారు కాబట్టి ఇప్పుడు రాస్తున్నాను.

నా ఉద్యోగం ఏమిటో చెబితే తప్ప నేను చేసింది ఎంత తెలివితక్కువ పనో తెలియదు. విశాఖ ఉక్కు కర్మాగారంలో రోలింగ్ మిల్లు మెయింటెనెన్స్‌లో పనిచేశాను. అక్కడ ఏ యంత్రం మీద చెయ్యి వేయాలన్నా ముందు షట్‌డౌన్ తీసుకోవాలి, కరెంటు ఆపించాలి, ట్యాగ్ కట్టాలి, పర్మిట్ మీద సంతకాలు పడాలి. క్రేన్ కొక్కేనికి తగిలించే గొలుసును కూడా ఊరికే నమ్మం. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 29వ సెక్షన్ ప్రకారం బరువులెత్తే యంత్రాన్నీ, గొలుసునూ, తాడునూ 12 నెలలకొకసారైనా అర్హత ఉన్న మనిషి క్షుణ్ణంగా పరీక్షించి కాగితం మీద పెట్టాల్సి ఉండేది. ఉద్యోగమంతా నేను ఆ కాగితాలు చూసినవాణ్ని. కొత్తగా వచ్చిన కాంట్రాక్టు రిగ్గర్ స్లింగ్ పట్టుకుంటే, "ఎక్కడ నేర్చుకున్నావు బాబూ, కాగితమేదీ?" అని అడిగాకే పని మొదలుపెట్టనిచ్చేవాణ్ని. అడిగినందుకు కొందరికి కోపం వచ్చేది. నేను లెక్కచేసేవాణ్ని కాదు.

అలాంటివాణ్ని నా ఒంటి విషయానికి వచ్చేసరికి ఆ ప్రశ్నే మర్చిపోయాను. మర్చిపోయాననడం కూడా నిజం కాదు. అడగదలుచుకోలేదు.

దీని వేళ్లు మా ఇంట్లో ఉన్నాయనుకుంటాను. మా నాన్న విశాఖ రేవులో కళాసీ. 1933లో ఓడలకు తెరిచిన ఆ రేవు ఆయన చేరేనాటికి బాగా పెరిగింది గానీ, బస్తాలు మాత్రం ఇంకా మనుషుల వీపుల మీదే దిగేవి. క్వింటాలు బస్తా మోసి మోసి ఆయన నడుం పట్టేసేది. పట్టేసినప్పుడు ఇంటి ముందు చాప వేసుకుని బోర్లా పడుకునేవాడు. మా వీధి చివర, ఎదురుకాళ్లతో పుట్టిన పిన్ని ఒకావిడ ఉండేది. నడుం పట్టేస్తే అలా పుట్టినవాళ్ల చేత తొక్కించుకోవాలని మా వైపు గట్టి నమ్మకం. ఆవిడ వచ్చి గోడ పట్టుకుని, నాన్న నడుం మీద పాదంతో మెల్లగా నొక్కేది. పైసా తీసుకునేది కాదు. మర్నాడు నాన్న లేచి రేవుకు పోయేవాడు. ఆవిడ తొక్కడం వల్ల తగ్గి పోయేవాడా, పోకపోతే కూలి లేదు గనక పోయేవాడా అన్నది అప్పుడు నాకు తోచలేదు.

మా నాయనమ్మ నడుం మీద వాతల మచ్చలు ఉండేవి. మంగలి షాపులో క్షవరం అయ్యాక తల పట్టుకుని మెడను చటుక్కున అటూ ఇటూ తిప్పితే హాయిగా ఉందనుకునేవాళ్లం. ఇవన్నీ చూస్తూ పెరిగాక, నొప్పి అంటే లోపల ఏదో తన చోటు నుంచి తొలగడమేననీ, చేతిలో విద్య ఉన్నవాడు దాన్ని మళ్లీ తన చోట పెట్టగలడనీ మనసులో స్థిరపడిపోయింది. అయితే మా పెద్దవాళ్లు గుడ్డిగా నమ్మినవాళ్లేం కాదు. ఎముక విరిగితే కట్టించుకునే పుత్తూరు కట్టునే చూడండి. పాత చిత్తూరు జిల్లాలోని పుత్తూరు దగ్గర ఒక రాజుల కుటుంబం తరతరాలుగా చేస్తున్న వైద్యం అది. ఆ పేరుతో బోర్డులు రాష్ట్రమంతా వెలిశాయి. చదువురాని మా నాయనమ్మ కూడా అలాంటి బోర్డు చూస్తే, "అసలు పుత్తూరోళ్లేనా?" అని నలుగురిని వాకబు చేసేది. ఆవిడకున్న జాగ్రత్త నాకు లేకపోయింది.

నాకు మొదటిసారి నడుం పట్టేసింది ఇంట్లో గ్యాస్ సిలిండర్ జరుపుతున్నప్పుడు. ఆసుపత్రికి వెళ్లాను. డాక్టరు గారు మంచం మీద పడుకోబెట్టి కాళ్లు ఒక్కొక్కటే నిటారుగా పైకెత్తి చూశారు. మడమల మీద నడిపించారు, మునివేళ్ల మీద నడిపించారు. నరానికి బలహీనత ఏమీ లేదనీ, ఇలాంటి నొప్పి ఎక్కువమందికి కొన్ని వారాల్లో దానంతటదే తగ్గుతుందనీ, మంచం పట్టకుండా తిరుగుతూ ఉండమనీ చెప్పి, మాత్రలు రాశారు. లేచి వస్తుంటే ఇంకో మాట కూడా అన్నారు: "పాదం లేవకపోయినా, మూత్రం ఆగినా వెంటనే రావాలి." అంతా అయిదు నిమిషాల్లో అయిపోయింది. నాకు బాధ వేసింది. ఇంత నొప్పికి ఇంతేనా అనిపించింది. ఆ అయిదు నిమిషాల్లో ఆయన చెయ్యాల్సిన పరీక్షలన్నీ చేశారనీ, చెప్పాల్సినవన్నీ చెప్పారనీ నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

తోటివాడొకడు గాజువాకలో మేడ మీద ఉన్న ఆయన సంగతి చెప్పాడు. ఆయన పేరు రాయను, ఆ బోర్డు పేరూ రాయను. బోర్డు మీద కైరోప్రాక్టర్ అని ఉండేది, నరాల, కండరాల సమస్యలకు మందులు లేకుండా చికిత్స అని ఉండేది. ఆయన నాకు దాదాపు గంటసేపు ఇచ్చాడు. మా నాన్న పని గురించి అడిగాడు, నా షిఫ్టుల గురించి అడిగాడు, నిద్ర పడుతోందా అని అడిగాడు. వెన్ను మీద అరచెయ్యి ఆనించి వేలితో ఒక్కచోట నొక్కాడు. నొప్పి సరిగ్గా అక్కడే ఉంది. గోడకు రంగుల పటం వేలాడుతోంది. అందులో వెన్నుపూస ఒక్కోదాని నుంచి ఒక్కో గీత గుండెకూ, కాలేయానికీ, మూత్రపిండాలకూ పోతోంది. పూస పక్కకు జరిగి నరాన్ని నొక్కుతోందనీ, సరిచేస్తాననీ అన్నాడు. నన్ను పక్కకు తిప్పి పడుకోబెట్టి, భుజం ఒకవైపూ తుంటి ఇంకోవైపూ పట్టి ఒక్క ఊపు ఊపాడు. లోపల టక్‌మని చప్పుడైంది. "సరైన చోటికి వెళ్లింది సార్" అన్నాడు. లేచి నిలబడితే నడుం తేలికైంది. నాకు కళ్లనీళ్లు వచ్చాయి.

ఆ చప్పుడే నా కొంప ముంచింది. చెవులారా విన్నాను కదా, ఇంకేం రుజువు కావాలి అనుకున్నాను. నిజానికి ఆ చప్పుడు ఎముక చోటు మారిన చప్పుడు కాదు. కీలు మధ్య జిగురుగా ఒక ద్రవం ఉంటుంది. కీలును ఒక్కసారిగా లాగినప్పుడు అక్కడ పీడనం పడిపోయి, ద్రవంలో వాయువుతో నిండిన ఖాళీ ఏర్పడుతుంది. 2015లో కెనడాలోని ఆల్బర్టా విశ్వవిద్యాలయం పరిశోధకులు వేలి కణుపును లాగుతూ ఎంఆర్ఐలో చిత్రీకరించి, చప్పుడైన క్షణాన అలాంటి ఖాళీ పుట్టడాన్ని చూపించారు. మనం రోజూ మెటికలు విరుచుకున్నప్పుడు వినిపించేదీ అదే. ఆ ఊపుకు కండరాలు కాస్త సడలుతాయి, నొప్పి కొంతసేపు తగ్గుతుంది, అది అబద్ధం కాదు. కానీ పూస తప్పుకోలేదు, మళ్లీ తన చోట చేరనూ లేదు. నా నొప్పి ఆ తర్వాత కొన్ని వారాల్లో పూర్తిగా తగ్గింది. డాక్టరు గారు తగ్గుతుందని చెప్పిన గడువులోనే తగ్గింది. ఆ మంచి పేరు మాత్రం మేడ మీది ఆయనకు ఇచ్చాను. నడుంనొప్పి వచ్చిన కొత్తలో ఎవరి దగ్గరికి వెళ్తే వాళ్లకు కీర్తి రావడానికి కారణం ఇదేనని ఇప్పుడు గట్టిగా నమ్ముతున్నాను.

ఆ రంగుల పటం చరిత్ర కూడా తర్వాత చదివి తెలుసుకున్నాను. డానియెల్ డేవిడ్ పామర్ అనే ఆయన అమెరికాలో అయోవా రాష్ట్రం డావెన్‌పోర్ట్‌లో అయస్కాంత వైద్యం చేసేవాడు. 1895 సెప్టెంబరు 18న, ఆ భవనంలో పనిచేసే హార్వే లిల్లార్డ్ అనే చెవిటి మనిషి వెన్ను మీద ఒక పూసను నెట్టి, వినికిడి తెప్పించానని చెప్పుకున్నాడు. ఆ మీదట, రోగాల్లో అత్యధికభాగం పూసలు తప్పడం వల్లనే వస్తాయన్నాడు. వినికిడి నరం పుర్రె లోపలే ఉంటుంది, వెన్నులోంచి పోదు. ఆ సిద్ధాంతం వైద్యశాస్త్రం ముందు నిలవలేదు. ఇవాళ ఈ కైరోప్రాక్టిక్ విద్య చదివినవాళ్లలోనే చాలామంది దాన్ని వదిలేసి, నడుము, మెడ నొప్పులకే పరిమితమయ్యారు. ఆ మేరకు దీనికి చోటుంది కూడా. అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2017లో ఇచ్చిన సూచనల్లో, కొత్తగా వచ్చిన నడుంనొప్పికి వెన్నును చేతితో సర్దే చికిత్స కూడా ఒక మార్గంగా ఉంది. 2016 నాటి బ్రిటన్ మార్గదర్శకాలు వ్యాయామంతో కలిపి అయితేనే దాన్ని వాడవచ్చన్నాయి. అందుకని ఈ వైద్యం మొత్తం మోసమని నేను అనను. ఎవరికి చెయ్యాలి, ఎవరికి చెయ్యకూడదు అన్నది తెలిసిన చేతికీ తెలియని చేతికీ ఉన్న తేడా గురించే నేను మాట్లాడుతున్నాను.

ఆ తేడా మా అక్కకు తట్టింది. అక్క చదివింది అయిదో తరగతి. శ్రీకాకుళం వైపు నుంచి పండక్కి మా ఇంటికి వచ్చింది. మెడ పట్టేసిందంటే, నేను ఉత్సాహంగా మేడ మీది ఆయన గొప్పలన్నీ చెప్పి, రేపే తీసుకెళ్తానన్నాను.

"ఆయన ఏటి సదివేడు తమ్ముడూ?" అని అడిగింది.

"చేతిలో విద్య ఉందక్కా. కాగితాలతో పనేటి?" అన్నాను.

"నీ మిల్లులోనయితే అలాగే ఊరుకుంతావేటి?"

నాకు కోపం ముంచుకొచ్చింది. తెలియని విషయాల్లో మాట్లాడకు అన్నాను. నా కంటే పెద్దది, చిన్నప్పుడు నన్ను ఎత్తుకు తిరిగిన మనిషి. ఆవిడ ఇంకేమీ అనలేదు, ఆయన దగ్గరికీ రాలేదు. రాకపోవడమే మంచిదైంది. ఒక ఊపుతో మెడను తిప్పినప్పుడు, మెదడుకు రక్తం తీసుకెళ్లే ధమని లోపలి పొర చిరిగి పక్షవాతం వచ్చిన కేసులు వైద్యగ్రంథాల్లో నమోదై ఉన్నాయి. అరుదే. కానీ ఆ అరుదు మా అక్కే అయ్యుంటే నేనేం చేసేవాణ్ని?

నొప్పి మళ్లీ వచ్చింది. ఈసారి నడుంలో ఆగలేదు. పిరుదు నుంచి తొడ వెనకగా, పిక్క బయటి వైపు నుంచి పాదం పైభాగం దాకా ఒకటే లాగుడు. తిమ్మిరి. మేడ మీది ఆయన దాన్ని నరం విడుతున్న లక్షణమన్నాడు. నేను ఆనందించాను. వారం వారం వెళ్లి ఒళ్లు అప్పగించాను.

ఒక సాయంత్రం నేనూ మా ఆవిడా బీచ్ రోడ్డులో కురుసుర సబ్‌మెరైన్ దాటి నడుస్తున్నాం. ఉన్నట్టుండి మా ఆవిడ ఆగి, "మీ ఎడమ చెప్పేదండీ?" అంది. చూసుకుంటే కాలికి చెప్పు లేదు. వెనక ఫుట్‌పాత్ మీద పడి ఉంది. ఎప్పుడు జారిందో నాకు తెలియనే లేదు. ఆసుపత్రికి పోదామంది. ఇంకో రెండు సిట్టింగులు చూసి వెళ్దామన్నాను.

నా తెలివితక్కువతనంలో అన్నిటికంటే చెడ్డ భాగం ఇప్పుడు చెబుతున్నాను. చెప్పు జారిన సంగతి మేడ మీది ఆయనకు కూడా చెప్పలేదు. చెబితే ఆయన చికిత్స ఆపేసి ఆసుపత్రికి పొమ్మంటాడని, అక్కడ ఆపరేషన్ అంటారని భయపడ్డాను. మళ్లీ పక్కకు తిరిగి పడుకున్నాను. మళ్లీ చప్పుడైంది. మళ్లీ తేలికైందని నాకు నేనే చెప్పుకున్నాను. మిల్లులో ఎవరైనా పగులున్న స్లింగ్‌ను దాచి పని చేయిస్తే అతన్ని నేను గేటు బయటికి పంపించి ఉండేవాణ్ని.

మెట్ల మీద పాదం తట్టుకుని పడ్డాక గానీ ఆసుపత్రికి వెళ్లలేదు. మడమల మీద నడవమన్నారు. ఎడమ పాదం ముందుభాగం లేవలేదు. బొటనవేలు పైకెత్తమన్నారు, ఎత్తలేకపోయాను. ఎంఆర్ఐలో నడుము నాలుగో, అయిదో పూసల మధ్య డిస్కు లోపలి గుజ్జు బయటికి తన్నుకొచ్చి నరం మొదటిని నొక్కుతోంది. డిస్కు జారి నరాన్ని నొక్కడం వల్లే కాలి దాకా ఈ నొప్పి వస్తుందని 1934లో మిక్స్టర్, బార్ అనే ఇద్దరు అమెరికన్ శస్త్రవైద్యులు వివరించి రాశారు. అప్పటి నుంచి ప్రపంచమంతా తెలిసిన జబ్బే. జారిన డిస్కుల్లో ఎక్కువభాగానికి ఆపరేషన్ అక్కర్లేదు, చాలామందికి కొన్ని వారాల్లో, కొన్ని నెలల్లో నెమ్మదిస్తుంది. పాదం బలం తగ్గిపోతున్నప్పుడు మాత్రం కాలయాపన పనికిరాదు. నాకు ఆపరేషన్ చేశారు. కాలి నొప్పి పోయింది. పాదం చాలావరకు లేచింది. బొటనవేలు మాత్రం ఇవాళ్టికీ సగమే లేస్తుంది. గుమ్మాల దగ్గర చూసుకుని అడుగు వేస్తాను.

ఆ ఊపుల వల్లే డిస్కు జారిందా అని సర్జన్ గారిని అడిగాను. చెప్పలేమన్నారు. వాటితో సంబంధం లేకుండా కూడా జారేదేమో. అందుకే ఆ నేరం నేను ఎవరి మీదా వెయ్యను. కాలయాపన చేసింది మాత్రం నేను. సర్జన్ గారు ఇంకో మాట చెప్పారు. డిస్కు అడ్డంగా పెద్దగా జారితే వెన్నుపాము కింద ఉండే నరాల కట్ట మొత్తం నలుగుతుంది. కూర్చునే చోట స్పర్శ పోతుంది, మూత్రం ఆగిపోతుంది, రెండు కాళ్లూ పట్టుతప్పుతాయి. గంటలు లెక్కపెట్టుకోవాల్సిన పరిస్థితి అది. నేను అందాకా పోలేదు, అంతే.

కాస్త నడవగలిగాక కర్ర పట్టుకుని మేడ ఎక్కాను. గొడవ పెట్టుకోవడానికి కాదు, జరిగింది ఆయనకు తెలియాలని. స్కానులు చూసి ఆయన ముఖం పాలిపోయింది. నా చేతులు పట్టుకున్నాడు. చెడ్డ మనిషి కాదు, ఆ మాట ఇప్పటికీ అంటాను. అప్పుడు మొదటిసారి గోడ మీది సర్టిఫికెట్లు చదివాను. మర్దనకు ఒకటి, ఆక్యుప్రెషర్‌కు ఒకటి, యోగాకు ఒకటి, కొద్దిరోజుల శిక్షణకు ఇంకొకటి. అన్నీ మొదటి నుంచీ అక్కడే వేలాడుతున్నాయి. ఆయన ఏదీ దాచలేదు.

ఈ విద్యకు కావాల్సిన చదువు ఎంతో ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లోనే రాసి పెట్టింది. నాలుగేళ్ల పూర్తికాల చదువు, కనీసం 4,200 గంటలు, అందులో 1,000 గంటలు పెద్దల పర్యవేక్షణలో రోగుల దగ్గర పని. అదే పుస్తకంలో, ఎవరి వెన్నును ఇలా ఊపకూడదో జాబితా ఉంది. డిస్కు జారి నరం బలం అంతకంతకూ తగ్గుతున్నవాళ్లు ఆ జాబితాలో ఉన్నారు. అంటే ఈ వైద్యం సొంత నియమాల ప్రకారమే నన్ను ఆ బల్ల ఎక్కించకూడదు. మన దేశంలో కైరోప్రాక్టిక్‌కు వేరే చట్టబద్ధమైన మండలి లేదు. ఫిజియోథెరపీకైతే 2021లో అనుబంధ వైద్యవృత్తుల కోసం వచ్చిన కేంద్ర చట్టంలో చోటు దొరికింది. కాబట్టి మేడ మెట్లెక్కే ముందు అడగాల్సిన బాధ్యత మన మీదే ఉంది.

ఏ దిక్కూ లేని ఊళ్లో ఉండి ఇలా చేశానంటే ఒక తీరు. 1923లో మొదలైన ఆంధ్ర వైద్య కళాశాల, దాని వెంట కింగ్ జార్జి ఆసుపత్రి ఉన్న ఊరిది. పోలియోతో కాళ్లు చచ్చుబడిన పిల్లలకు ఆపరేషన్లు చేసి నడిపించి, 2022లో పద్మశ్రీ అందుకున్న డాక్టర్ సుంకర వెంకట ఆదినారాయణరావు గారు ఈ ఊళ్లో పనిచేసినవారే. మా ఉక్కునగరంలోనే పెద్ద ఆసుపత్రి ఉంది. ఇన్ని పెట్టుకుని నేను చప్పుడును నమ్ముకున్నాను.

ఆపరేషన్ తర్వాత నా కాలిని దారిలో పెట్టింది ఒక ఫిజియోథెరపిస్టు అమ్మాయి. మొదటిరోజే అడిగాను, ఏం చదివావమ్మా అని. నాలుగున్నరేళ్ల డిగ్రీ అంకుల్, ఆర్నెల్లు ఇంటర్న్‌షిప్ అందులోనే అని, ఏ కాలేజీయో కూడా చెప్పింది. ఏమీ అనుకోలేదు. పాదం ఎంత లేస్తోందో ప్రతి వారం కొలిచి పుస్తకంలో రాసేది. తగ్గుతుందని మాట ఇచ్చేది కాదు. చప్పుళ్లేమీ లేవు, చెమట పట్టేదాకా నాచేత వ్యాయామం చేయించడమే. ఏ వారమైనా అంకె పెరగకపోతే పెరగలేదనే చెప్పేది. మేడ మీద దొరికిన ఓదార్పు ఆ గదిలో దొరకలేదు. అయినా నా పాదం అక్కడే లేచింది. ఒక్క మాట మాత్రం డాక్టర్లకు మనవి చేసుకుంటాను: నొప్పి ఉన్న చోట ఒక్కసారి చెయ్యి వేసి చూడండి, ఇంకో రెండు నిమిషాలు మాట్లాడండి. నాలాంటివాళ్లు మేడలెక్కడం సగం అక్కడే ఆగిపోతుంది.

నా మాట మీద మేడ మీది ఆయన దగ్గరికి వెళ్లిన తోటివాళ్లందరినీ కలిశాను. ఒక్కొక్కరికీ పాదం చూపించి చెప్పాను. క్రేన్ ఆపరేటర్ ఒకతను వినలేదు. నాకు తగ్గింది కదన్నా అన్నాడు. వాదించలేదు. ఏ లక్షణాలు కనిపిస్తే వెంటనే ఆపెయ్యాలో కాగితం మీద రాసిచ్చి, పర్సులో పెట్టుకోమన్నాను. పెట్టుకున్నాడు. అక్కకు ఫోన్ చేసి క్షమించమన్నాను. ఫిజియోథెరపీకి రోజూ వెళ్తున్నావా లేదా అని అడిగింది, అంతే.

మీరు ఎవరి దగ్గరికైనా వెళ్లండి, కాదనను. వెన్ను మీదో మెడ మీదో చెయ్యి వేయనిచ్చే ముందు మూడు మాటలు అడగండి: ఏం చదివారు, ఎక్కడ చదివారు, నాలాంటి కేసును ఎప్పుడు డాక్టరు దగ్గరికి పంపిస్తారు. మూడోదానికి జవాబు లేకపోతే లేచి వచ్చేయండి. చెప్పు తెలియకుండా జారిపోతున్నా, పాదం లేవకపోయినా, కూర్చునే చోట స్పర్శ తెలియకపోయినా, మూత్రం ఆగినా, ఎవరి చేతి కోసమూ ఆగకుండా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి. అర్ధరాత్రయితే 108కి ఫోన్ చెయ్యండి.